నయమైన కన్నారావు

సుగుణ కంప్యూటర్‌లో తమ్ముడి జన్యువును సరిదిద్దిన మర్నాటి నుంచి, నిబంధనల ప్రకారం, అతనికి సికిల్ సెల్ జబ్బు లేదు. కంప్యూటర్‌లో నయమైనవారిని నయమైనవారిగానే పరిగణించాలన్న ఉత్తర్వు అప్పటికే అమల్లో ఉంది కాబట్టి దీన్నెవరూ వింతగా చూడలేదు.

ఇర్ప సుగుణ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెబుతుంది. పరీక్షనాళికలు పట్టే మనిషి కాదు, అణువుల కదలికల్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే మనిషి. జన్యువును కత్తిరించే ప్రోటీన్ ఎక్కడ వాలుతుంది, పొరపాటున పక్కచోట కొరుకుతుందా అన్నదే ఆమె చదువూ, ఉద్యోగమూ. గోదావరి అవతలి కోయగూడెంలో తమ్ముడు కన్నారావు కీళ్లనొప్పులతో చాప మీద మెలికలు తిరుగుతుంటే చిన్నప్పుడు కాళ్లు పట్టింది ఆమే. అందుకే ఈ దారి పట్టింది. లెక్కకు అతని నెత్తురే తీసుకుంది. ప్రోటీన్ సరైన చోటే కొరికింది. కొడవళ్లలా వంగిన కణాలు తెర మీద గుండ్రంగా తేలాయి. ఆ రోజు ఆమె ల్యాబులో కూర్చుని ఏడ్చింది.

ఫలితం అచ్చయింది. ఏజెన్సీ ఆస్పత్రి వాళ్లు కన్నారావుకు రక్తం ఎక్కించడం ఆపేశారు. ఆరోగ్యవంతుడికి ఎక్కిస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. మాత్రలూ ఆపారు. వానాకాలం మొదట్లో నొప్పి వచ్చినప్పుడు భార్య లచ్చమ్మ అతన్ని ఆటోలో తీసుకెళ్లింది. డాక్టరు దయగల మనిషి. కంప్యూటర్ తెర ఇటు తిప్పి చూపించాడు. అందులో కన్నారావు పొలం గట్టు మీద పరుగెత్తుతున్నాడు, ఆయాసం లేదు. మంచం మీది కన్నారావు కాసేపు చూసి, “మంచిగున్నడు” అన్నాడు. సంతోషించాడు కూడా.

ఈ సంగతి తెలిసి సుగుణ, తన విభాగాధిపతి వామనమూర్తి దగ్గరికి వెళ్లి, ఫలితాన్ని వెనక్కి తీసుకుంటానంది. ఆయన కూర్చోమని, వెనక్కి తీసుకోవాలంటే అందులో తప్పు చూపించాలని గుర్తుచేశాడు. ఆమె లెక్కను మొదటినుంచీ తిరగదోడింది. ఎక్కడా తప్పు లేదు. లేని తప్పొకటి చొప్పించి కూడా చూసింది. పరిశీలక సంఘం దాన్ని దిద్ది, ఆమె నిజాయితీని మెచ్చుకుంది.

మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లింది. “లెక్క సరైనదేనండీ. వాడికి మందు ఎవరూ ఇవ్వలేదు, అంతే.”

“అది మన విభాగం కాదు కదమ్మా” అన్నాడాయన. అబద్ధమేమీ కాదు. మరి ఏ విభాగమో తెలుసుకుందామని ఆయన చిత్తశుద్ధిగా వెతికించాడు కూడా. అలాంటి విభాగం లేదు.

కన్నారావు శ్రావణంలో చనిపోయాడు. నయమైన జబ్బుతో మనిషి పోయాడని రాయడానికి వీల్లేదు కాబట్టి, మరణకారణం దగ్గర ‘ఆరోగ్యం’ అని రాశారు. సుగుణను ప్రొఫెసర్‌ని చేశారు. అభినందన సభలో తెర మీది కన్నారావు అక్క గురించి రెండు మాటలు మాట్లాడాడు. చక్కగా మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సుగుణ కూడా కొట్టింది.

దినాలకు ఆమె గూడెం వెళ్లింది. వచ్చినవాళ్లు తిని వెళ్లిపోయాక లచ్చమ్మ తన కూతురు సమ్మక్కను తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. పిల్లకూ అదే నొప్పి మొదలైందని, ఇన్నాళ్లూ చెప్పడానికి నోరు రాలేదని అంది.

“దీనిది గూడ చేసెయ్యి వదినా.”

“చేస్తే ఇక మందులివ్వరు లచ్చమ్మా.”

“ఇప్పుడు మాత్రం ఎక్కడిస్తున్నరు? తండ్రికి లేని జబ్బు బిడ్డకెట్లొస్తదంటున్నరు. హాస్టలోళ్లేమో నొప్పులున్న పిల్లని తీసుకోం అంటున్నరు. నయమైందని రాసిస్తే సీటన్నా దొరుకుద్ది.”

సుగుణ సంచిలో నెత్తురు తీసే సూదీ దూదీ ఉన్నాయి; ఈమధ్య ఎక్కడికి వెళ్లినా తమదీ చేసెయ్యమని అడిగేవాళ్లు ఉంటున్నారు. అవి బయటికి తీసింది. పిల్ల చెయ్యి చాపి, మొహం అటు తిప్పుకుంది.