తలవంపులు ఎవరివి?

ఆ ఉదయం దేవుడికి దణ్ణం పెట్టుకుని లేస్తూ నిఘంటువాయన అనుకున్నది ఒక్కటే: సాయంత్రంలోగా ‘తలవంపులు’ అనే మాట సంగతి తేల్చేయాలి. నిఘంటు కార్యాలయంలో ఆయన పని, జనం నోట విన్న వాక్యాన్ని విన్నట్టే చీటీ మీద రాసి, ఎవరన్నారో, ఎక్కడన్నారో వెనకవైపు రాసుకోవడం. అర్థం అందరికీ తెలిసిందే, నలుగురిలో తలెత్తుకోలేకపోవడం. ఆయన్ని తొలుస్తున్నది వాడుక. తప్పు చేసేది ఒకరైతే తల వంగేది ఇంకొకరిది ఎందుకవుతుంది?

ఆ ఆలోచనలోనే చొక్కా మార్చుకుని వెళ్ళిపోయాడు. విడిచిన చొక్కా ఉతకబోతూ భార్య జేబు తడిమింది. చీటీ దొరికింది. మొగుడి చేతిరాతే. ‘ఉద్యోగం ఎలాగూ పోయింది. ఇంటిల్లిపాదికీ తలవంపులు తెచ్చాను. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?’

వెనక్కి తిప్పి చూడాలని ఆమెకు తోచలేదు. తమ్ముడికి ఫోన్ చేసింది.

“కడుపులోనే పెట్టుకోరా. నాన్నతో అనకు.”

“నేనెందుకంటానక్కా.”

నాన్నతో మాత్రమే అన్నాడు. ఆయన మరీ గుట్టుగా, వీధిలోని పెద్దమనుషులు నలుగురినీ విడివిడిగా పక్కకు పిలిచి సలహా అడిగాడు. తమ్ముడు అంతటితో ఊరుకోక కార్యాలయానికి వెళ్ళి, అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మా బావ చేసింది తప్పే సార్. ఈ ఒక్కసారికి వదిలేయండి.”

“ఏం చేశాడు?”

“ఆ మాట నా నోటితో అనిపించకండి.”

అధికారి వెంటనే ముప్పై ఏళ్ళ చీటీలున్న బీరువాలకు తాళాలు వేయించి నిఘంటువాయన్ని పిలిచాడు.

“సంగతి తేలేదాకా ఇంట్లోనే ఉండవయ్యా. తేలితే ఉద్యోగం ఉండదు.”

“నేనేం చేశానండీ?”

“నన్నడుగుతావేం? మీ బావమరిది ఒప్పుకున్నాడు.”

తెలిసి చేశానో తెలియక చేశానో స్వామీ అనుకుంటూ ఆయన దారిపొడుగునా తన తప్పులన్నీ నెమరేసుకున్నాడు. ఉద్యోగం పోయేంతటిది ఒక్కటీ తగల్లేదు.

ఇంట్లో మామగారు, బావమరిది, నలుగురు పెద్దమనుషులు కొలువుతీరి ఉన్నారు. భార్య కళ్ళు వాచిపోయాయి.

“చేసిందేదో చేశారు. మా అమ్మాయి మొహం చూసైనా నిజం చెప్పండి అల్లుడుగారూ,” అంటూ మామగారు చీటీ చూపించాడు.

నిఘంటువాయన దాన్ని తిప్పి చదివాడు. ‘మంగలి షాపు. బెంచీ మీద ముసలాయన.’

బావమరిది చెప్పులు వెతుక్కుని కార్యాలయానికి పరుగెత్తాడు.

“అంటే మీరేమీ చేయలేదా?” అన్నాడు మామగారు.

“లేదండీ.”

“అసలేమీ?”

“ఏమీ లేదండీ.”

పెద్దమనుషులు ఒక్కొక్కరే లేచారు. “బాగుందండీ. సొంత అల్లుడి మీద వీధంతా చాటింపు వేస్తారా?” అని చివరాయన గడప దాటాడు.

మామగారు కుర్చీలో కూలబడ్డాడు. “మీకేం, హాయిగా ఉన్నారు. చిన్నదో పెద్దదో ఏదో ఒకటి చేసి ఉండకూడదూ? ఇప్పుడు మీ మూలంగా తలవంపులు నాకొచ్చిపడ్డాయి.”

అల్లుడి కళ్ళు మెరిశాయి. తప్పు చేయనివాడి మూలంగా కూడా వస్తాయన్నమాట. ఇలాంటి వాడుక ఇంతవరకూ ఏ చీటీలోనూ లేదు.

“ఆ చివరి మాట ఇంకోసారి అనండి మామగారూ, నెమ్మదిగా.”

మర్నాడు అధికారి బీరువాల తాళాలు తీయించాడు కానీ, ఒక పూట పని ఎగ్గొట్టినందుకు సెలవు అర్జీ అడిగాడు. ‘కారణం’ అన్నచోట నిఘంటువాయన ‘కార్యాలయ పని’ అని రాశాడు.