గుమ్మం దాటని బల్ల

ఆ ఉదయం ఇద్దరే ఉన్న విద్యార్థుల జట్టుకు పెద్దయిన లీడరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే తాము చేసిన బల్లను ట్రాలీ ఎక్కించడం, మధ్యాహ్నంలోపు యూనివర్సిటీలో ప్రొఫెసర్ మేడమ్ ముందు దింపడం, మార్కులు వేయించుకోవడం. బల్ల చూపించకపోతే డిగ్రీ లేదు, ఇంకో ఏడాది అదే క్లాసు. మధ్యలో గుమ్మం అనేది ఒకటుందని మాత్రం ఆమెకు తట్టలేదు.

ఊళ్ళో పనిచేసుకునే మనిషితో కలిసి అతనికి పనికొచ్చే వస్తువు చేయడమే చివరి ఏడాది ప్రాజెక్టు. లీడరమ్మ చూపు టైలరు బాబాయి మీద పడింది. సొంత బాబాయి కనక కాదనలేడు. జట్టులో రెండోవాడు పొడుగు. వాడి ఎత్తే వాడి పేరు. ఇద్దరూ బాబాయి టేపుతో బాబాయినే కొలిచారు. మోచెయ్యి ఎంత ఎత్తు, చెయ్యి ఎంత దూరం చాస్తాడు, కత్తెర పట్టుకుని ఎంత వంగుతాడు, ఒక్కటీ వదల్లేదు. నెల రోజులు దుకాణంలోనే ఉండి బట్టలు కత్తిరించే బల్ల చేశారు. ఒక్క మేకు లేదు, అంతా జిగురే, దీన్ని విడదీయడం బ్రహ్మ తరం కూడా కాదని లీడరమ్మ కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంది.

బల్ల ముందు సగం హుందాగా వీధిలోకి వచ్చింది. వెనక సగానికి రెండు పక్కలా సొరుగులున్నాయి. అక్కడ గుమ్మం పట్టేసింది. ట్రాలీ డ్రైవరు "ఇలాంటివి ఎన్ని చూళ్ళేదు" అంటూ తాడు కట్టి బండితో ఒక్క గుంజు గుంజాడు. ఆ తర్వాత బల్ల ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. పొడుగు బయట వీధిలో ఉండిపోయాడు, లీడరమ్మా బాబాయీ లోపల.

"గుమ్మం కొలిచావా అమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"నిన్ను కొలిచాను కదా బాబాయ్."

"నేను రోజూ దూరి వస్తూనే ఉన్నానుగా. నాకెప్పుడూ అడ్డం రాలేదే."

ఆలస్యమవుతుందని చెప్పడానికి పొడుగు మేడమ్‌కి ఫోన్ చేశాడు. "మేడమ్, లీడరూ వాళ్ళ బాబాయీ లోపల ఇరుక్కుపోయారండీ. బయటికి దారి లేదండీ." ఆవిడ మంచి మనిషే, కాకపోతే సగం వినగానే సాయం మొదలుపెట్టేస్తుంది. వాడి మాట బల్ల దాకా వచ్చేలోపే ఫోన్ పెట్టేసి, అగ్నిమాపక దళాన్ని పిలిచేసింది.

ఈలోగా ఒక బ్యాంకు మేనేజరు కోటు కోసం వచ్చాడు. లోపలికి దారి లేదు కనక బాబాయి కోటును బల్ల మీద వీధివైపు జరిపాడు. ఆయన అక్కడే తొడుక్కుని నడుం దగ్గర వదులుగా ఉందన్నాడు. బాబాయి అక్కడే బిగించాడు. అది చూసి ఒకావిడ ఆగింది, ఆవిణ్ణి చూసి ఇంకో నలుగురు ఆగారు. ఆ వీధిలో ఒక టైలరున్నాడని చాలామందికి ఆ రోజే తెలిసింది.

అంతలో గంట మోగించుకుంటూ ఎర్రబండి దిగింది. వాళ్ళు పొగ కోసం వెతికి, దొరక్క, బల్లను చూశారు. "దీన్ని కోసేస్తే సరి" అని వాళ్ళ నాయకుడు రంపం తీశాడు.

లీడరమ్మ నెల రోజుల కష్టమూ డిగ్రీ రెండూ ఆ రంపం కిందే ఉన్నాయి. బాబాయి వెళ్ళి బల్ల మీద బోర్లా పడుకున్నాడు.

"దీని మీద చెయ్యి పడితే ఊరుకోను. నా వ్యాపారం ఇవాళే మొదలైంది."

"మిమ్మల్ని కాపాడ్డానికే వచ్చామండీ."

"కాపాడమని ఎవరన్నారు? ముందు మీ చొక్కాకి గుండీ ఊడింది, ఇలా ఇవ్వండి."

మేడమ్ రొప్పుతూ ఆటో దిగేసరికి నాయకుడు బనీనుతో నిలబడి ఉన్నాడు, బాబాయి గుండీ కుడుతున్నాడు, వెనక జనం వరస కట్టారు. సంగతి తెలుసుకుని ఆవిడ బాబాయిని అడిగింది: "ఈ బల్ల యూనివర్సిటీకి రావాలి కదండీ?"

"మీ యూనివర్సిటీనే ఇటు తెచ్చుకోండి. ఇది కదలదు."

మేడమ్ కాసేపు ఆ బల్లనూ దాని చుట్టూ జనాన్నీ చూసింది. "పిల్లలు చేసినవన్నీ మూలన పడటమే చూశాను ఇన్నేళ్ళూ. ఇవ్వనని పోట్లాడిన మనిషిని ఇవాళే చూస్తున్నా" అంటూ ఆ బల్ల మీదే కాగితం పెట్టి పూర్తి మార్కులు వేసింది. లీడరమ్మ నవ్వుతూ ఏడ్చింది. తర్వాత, అప్పటిదాకా ఎవరికీ తట్టని దారిలో బల్ల కిందనుంచి పాకి వచ్చి, ఆ ఫోన్ చేసినందుకు పొడుగు వీపు మీద ఒక్కటి చరిచింది.

ఇంతకీ ఆ దుకాణానికి తాళం ఎలా వేయాలన్నది వచ్చే ఏటి పిల్లలకు ప్రాజెక్టుగా ఇచ్చారు.