గోడ మీది జింకకొమ్ములు

పక్క వాటా పిన్నిగారు మేడమీద బట్టలారేస్తూ కింది వాటా ఆవిడ చెవిలో వేసిందట: "ఆ కళ్లజోళ్లాయన ఇంట్లో గోడకి కొమ్ములు మొలిచాయమ్మా! పెళ్లాం పొద్దున్నే వాటిని పలకరించాకే మొగుడి మొహం చూస్తుందిట." ఆ మాట మెట్లు దిగి, వీధి దాటి, ఆయన కళ్లజోళ్ల దుకాణందాకా వచ్చేసరికి కొమ్ములు మొగుడికే మొలిచాయని తేలింది.

ఆయన బాధ కొమ్ముల గురించి కాదు, గోడ గురించి. కొత్త టీవీ అట్టపెట్టెలోనే మూలుగుతోంది. పడక్కుర్చీకి ఎదురుగా ఉన్నది ఆ ఒక్క గోడే. సరిగ్గా దాని నడిమధ్యన భార్యగారి స్టాగ్‌హార్న్ ఫెర్న్ వేలాడుతోంది. కుండీ అక్కర్లేకుండా, కాస్త నాచు పెట్టి చెక్కకి కట్టేసిన మొక్క. ఆకులు అచ్చం జింకకొమ్ములే.

కాకపోతే ఆ జింకకి ఈమధ్య ఒంట్లో బాగాలేదు. మొదలు నల్లబడి, కొమ్ములు వాల్చేసింది. ఆవిడ రెండుపూటలా నీళ్లు చిలకరించేది. అవి చాలవన్నట్టు కన్నీళ్లు కూడా కాస్త కలిపేది.

"పోయేదాన్ని పట్టుకుని ఎందుకే ఏడుపు? గోడ నాకిచ్చెయ్యి" అన్నాడాయన.

"మా అక్క దగ్గరికెళ్లి వస్తాను. నేనొచ్చేసరికి అది పోతే గోడ మీది. బతికితే మళ్లీ గోడ ఊసెత్తకూడదు. సరేనా?"

"సరే" అన్నాడు, గొంతులో సంతోషం బయటపడకుండా దగ్గి.

ఆవిడ బస్సెక్కిందో లేదో, మొక్కకి నీళ్లు బంద్. వారం గడిచింది. చావలేదు సరికదా, మొదలు దగ్గరి కుళ్లు కాస్తా ఆరిపోయింది.

ఎండబెడితే పోనిది ముంచితే పోతుందనుకున్నాడు. బాత్రూంలో బకెట్ నింపి, చెక్కతో సహా తలకిందులుగా ముంచేసి, పేపరు చదువుకోవడానికి వెళ్లాడు. వచ్చి చూస్తే అది కడుపునిండా తాగి కొత్తల్లుడిలా నిగనిగలాడుతోంది.

తిరిగి గోడకెక్కించే ఓపిక లేక బాత్రూం కిటికీకే తగిలించాడు. ఇక చీమల్నైనా ఉసిగొల్పుదామని దాని వెనక అరటితొక్కలు దోపాడు. చీమలు రాలేదు. వేలెడంత లేత ఆకు వచ్చింది.

కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకు చూశాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి తన కళ్లమీదే అనుమానం వచ్చింది.

"ఏమే, నీకు సిగ్గూ శరం లేవా? చావమంటే పిల్లల్ని పెడతావా?" అని మొక్కని నిలదీశాడు. కిటికీ అవతల పిన్నిగారు దగ్గింది.

భార్యగారు వస్తూనే, బోసిగా ఉన్న గోడ చూసి, సంచి కింద పెట్టకుండా వెతుక్కుంటూ బాత్రూంలోకి పరుగెత్తింది.

"ఏవండీ! ఏం చేశారు దీన్ని?"

అక్కడ నిజం చెప్పి ఉంటే గొడవ అంతటితో పోయేది. కానీ పెళ్లయ్యాక మొదటిసారి ఆవిడ ఆయన్ని ఆరాధనగా చూసింది. ఆ చూపుకి పవర్ ఎక్కువ. ఆయనకి కళ్లు తిరిగాయి.

"నీకు పెంచడం రాదే. ఆరనివ్వాలి, ఆరాక ముంచాలి, తొక్కలు మేపాలి. అన్నిటికీ మించి చేతి చలవుండాలి" అన్నాడు.

ఆదివారం తెల్లవారేసరికి గుమ్మంలో నలుగురు ఆడవాళ్లు. చంకల్లో చెక్కలు, చెక్కలమీద వాడిపోయిన కొమ్ములు.

"మీ హస్తవాసి గురించి పిన్నిగారు చెప్పారు అన్నయ్యగారూ! మా వాటినీ బతికించాలి" అన్నారు.

మధ్యాహ్నానికి బాత్రూంలో బకెట్ దగ్గర క్యూ. ఆయనకి స్నానం లేదు. అరటిపళ్లన్నీ ఆయనే తినాల్సొచ్చింది, తొక్కల కోసం. ఇంతలో భార్యగారు సుత్తి పట్టుకుని హాలు గోడకి వరసగా మేకులు కొట్టడం మొదలెట్టింది. ఒక్కొక్కటీ ఆయన గుండెల్లో దిగింది.

పరువు పోతే పోయింది, గోడైనా దక్కుతుందని నోరు విప్పాడు.

"అమ్మా, నేను డాక్టర్నీ కాదు, గీక్టర్నీ కాదు. చంపుదామనే ఎండబెట్టాను, చంపుదామనే ముంచాను, చీమలు తింటాయనే తొక్కలు దోపాను. అదే మొండిది, బతికిపోయింది! నా గోడ నాకిప్పించండి తల్లీ!"

భార్యగారు పళ్లమధ్య పట్టుకున్న మేకు తీసి, ఆయనకేసి తిరిగింది.

"నాలుగాకుల మొక్కని చంపడం కూడా చేతకాని మనిషికి గోడెందుకండీ?"