వంపు తెర కోసం కళ్ళజబ్బు

పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే స్తెఫనుకు జీవితంలో ఒకే ఒక్కసారి తొలిచూపు ప్రేమ కలిగింది. అది భార్య జాస్మిన్‌ను చూసినప్పుడు మాత్రం కాదు. పెళ్ళిచూపుల్లో అతను సిగ్గుపడి చివరిదాకా ప్లేట్లో సమోసాల వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆ ప్రేమేదో మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక కంప్యూటర్ షాపులో కలిగింది.

పాపం, కేబుల్ కొనుక్కుందామని వెళ్ళాడు. లోపల గోడవారన ఒక మానిటరు వెలుగుతోంది. ఓఎల్ఈడీ అల్ట్రావైడ్. బారుగా, వెడల్పుగా, రెండు కొసలూ కాస్త ముందుకు వంగి, రా నాయనా అని చేతులు చాపినట్టుంది. "నలుపున్న జాగల లైటే వెలగది సార్. ఇగ రంగులంటరా, మీరే చూస్కోండి" అన్నాడు షాపువాడు. స్తెఫను చూసుకున్నాడు. చూసుకుని చూసుకుని, కేబుల్ సంగతి మరిచిపోయి ఇంటికొచ్చేశాడు.

ఇల్లంటే మన్సూరాబాద్‌లో మేడ మీద రెండు గదులు. ముందు గదిలో పొడుగాటి బల్ల. బల్లకు ఎడంపక్క స్తెఫను కంప్యూటరు, కుడిపక్క జాస్మిన్ కుట్టుమిషను. కాలనీలో సగం జాకెట్లు ఆ కుడిపక్క నుంచే పుడతాయి కాబట్టి ఆ పక్కకు కొంచెం గౌరవం ఎక్కువ.

"జాస్మిన్, ఒక మాట. ప్లస్సులు మైనస్సులు రెండూ చెప్త. ఇని నువ్వే ఫైసలా చెయ్" అన్నాడు స్తెఫను, కుర్చీ ఆమె వైపు తిప్పుకుని.

"ఏం కొంటున్నవ్?"

"కొంటున్న అన్ననా? మాట వరసకు."

"ప్లస్సులు మైనస్సులు అన్నవంటే కొన్నట్టే. ఎయిర్ ఫ్రయర్ అప్పుడు గూడ గిదే మాట. దాంట్ల ఇప్పుడు హుక్కులు దాసుకుంటున్న."

స్తెఫను ఆ దెబ్బను దులిపేసుకుని మానిటరు సంగతి మొదలుపెట్టాడు. "ముప్పై నాలుగు ఇంచులుంటది."

"అడ్డమా, నిలువా?"

"ఐమూలగ కొలుస్తరు, ఈ మూలకెల్లి ఆ మూలకు."

"ఐమూల కొలిచి జాకెట్ కుడితే నన్ను తంతరు. అడ్డం ఎంతుంటదో చెప్పు."

"గింత" అని స్తెఫను చేతులు ఎడంగా చాపాడు. ఆమె ఆ చేతుల వంక ఓసారి చూసి మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది. "ఇగ చెప్పు."

"పెండ్లంత ఒక్కసారే కనబడతది. ఈ కొసకు ఎదుర్కోళ్ళు, ఆ కొసకు అప్పగింతలు."

"నడుమ భోజనాలా?"

"ఎక్కిరియ్యకు. ఇంకోటి, నలుపు. అసలు నలుపంటే గది. సంగీత్‌ల లైట్లు ఆర్పిండ్రనుకో, చీకటి చీకటి లెక్కనే కనబడతది."

"చీకటి చూసెతందుకు కొత్తది ఎందుకయ్యా? ఉన్నదాన్నే ఆర్పేస్తే కనబడతది."

"సరే, రంగులు. మొన్న పెండ్లిపిల్ల చిలకపచ్చ చీర నా తెర మీద నెమలిపచ్చ కనబడ్డది. నేను దాన్ని ఇంకింత దిద్దిన. వాళ్ళు వచ్చి ఎంత లొల్లి జేసిండ్రో నీకెరుకే."

రంగు మాట వచ్చేసరికి టైలరు మనసు మెత్తబడింది. జాస్మిన్ మిషను ఆపింది. "అవును, పాపం. మరి మైనస్సులు?"

ఇక్కడ నోరు మూసుకుంటే ఈ కథే లేదు. కానీ స్తెఫను నిజాయితీపరుడు. కావలసినప్పుడు కాదు గానీ, అక్కర్లేనప్పుడు తప్పకుండా.

"ఒక్కటే. చిన్నది. ఒకే బొమ్మ కదలకుండ శానసేపు ఉంటే దాని మచ్చ పడిపోతది."

"ఇస్త్రీపెట్టె మర్చిపోతే చీర మీద పడ్డట్టా?"

"గట్లనే... కానీ పడది. పడొచ్చు. జాగర్తగుంటే పడది. లేచినప్పుడల్లా ఆర్పెయ్యాలె. వెలుగు తగ్గిచ్చుకోవాలె. కిటికీకెల్లి ఎండ పడొద్దు, పడితే నా మొఖమే నాకు కనబడతది."

"అంటే కిటికీ మూసి, వెలుగు తగ్గిచ్చి, ఆర్పి పెడితే శాన ఏండ్లు మన్నుతది."

"ఆఁ... గట్ల జూస్తె..."

"మంచిగున్నది. తెచ్చి బీరువల పెడదాం" అని జాస్మిన్ లేచింది. లేచి, మెడలో టేపు సవరించుకుంటూ అంది: "అన్నీ చెప్పినవ్ గని, అసలు మాట చెప్పలే నువ్వు. ఆలోచించుకొని చెప్పు." సుద్దముక్క వెతుక్కుంటూ బల్ల అవతలి కొసకు పోయింది.

అసలు మాట! అంటే ఇంతకంటే గట్టి కారణం కావాలన్నమాట అనుకున్నాడు స్తెఫను. వెంటనే వరండాలోకి పోయి స్టూడియో ఓనరుకు ఫోన్ కొట్టాడు. ఆయన పేరు ధర్మేందర్. పెళ్ళికూతురు తుమ్మినా స్లోమోషన్‌లో పెట్టమంటాడు కనుక అందరూ స్లోమోషన్ ధర్మేందర్ అంటారు. సలహా మాత్రం జోరుగా ఇచ్చాడు. "ఆడోళ్ళకు ప్లస్సులు చెప్తే కాదు తమ్మీ. జాలి కలగాలె. ఆరోగ్యం మాట తియ్."

మర్నాటి నుంచి స్తెఫను కళ్ళు పాడయ్యాయి.

మొదట నులుముకోవడంతో ఆగాడు. "చిన్న తెర చూసి చూసి కండ్లు గుంజుతున్నయే" అని మూలిగాడు. జాస్మిన్ "అయ్యో" అంది. ఆ ఒక్క అయ్యోకు ప్రాణం లేచొచ్చి, నటన పెంచేశాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. టీ గ్లాసు పక్కన టీ పోశాడు. దండెం మీద ఆరేసిన మ్యాక్సీకి చేతులు జోడించి "వందనాలు అత్తమ్మా, ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే కోడికూరలో అడుగున దాక్కున్న కార్జం ముక్కను మాత్రం చెయ్యి తడబడకుండా అందుకున్నాడు. జాస్మిన్ చూసింది. ఇంకాస్త అన్నం వడ్డించింది.

"గిట్లయితే కాదు. రేపు ఎల్బీనగర్‌ల కండ్ల దవాఖానకు పోదాం" అంది.

స్తెఫను గబుక్కున కళ్ళు నులుముకోవడం ఆపేశాడు. దవాఖానలో పెద్ద లైటు వేసి లోపలికంటా చూస్తారు. అక్కడ నటన సాగదు. ఏదో ఒకటి అనాలి, తొందరగా అనాలి. అన్నాడు. "దవాఖాన ఎందుకే? ముందుగాల ప్రార్థన చేయిద్దాం."

ప్రతి ఆదివారం మూడో పాట అయ్యాక చర్చికొచ్చి, చెప్పుల దగ్గర నిలబడే మనిషి నోట ఈ మాట! జాస్మిన్ చాలా మెత్తగా "మంచి మాటన్నవ్" అని ఫోన్ తీసింది.

సాయంత్రానికల్లా అత్తగారు బాలమ్మ మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి వచ్చేసింది. సంచిలో పొనగంటి కూర కట్టలు, క్యారట్లు, ఆముదం సీసా, జొన్నపిండి. "బిడ్డా, నీకు గింత కష్టమొచ్చెనా!" అని అల్లుడి గడ్డం పట్టుకుని, అక్కడే పడుకోబెట్టి, ఆముదంలో ముంచిన దూది రెండు కళ్ళ మీదా పెట్టి గుడ్డ కట్టేసింది. ఫోన్ బంద్. కంప్యూటర్ బంద్. పొద్దున పొనగంటి పప్పు, మధ్యాహ్నం పొనగంటి వేపుడు, రాత్రి పొనగంటి పులుసు. నడుమ దాహమేస్తే క్యారట్ రసం.

అన్నిటికంటే భయంకరమైనది ఆమె మొక్కు. "అల్లుని కండ్లు బాగయ్యేదాక నేను అన్నం మెతుకు ముట్ట" అంది బాలమ్మ.

స్తెఫను కట్టు కింద కళ్ళు తెరిచాడు. ఆముదం తప్ప ఏమీ కనబడలేదు. "అత్తమ్మా, నీకు షుగరున్నది గద!"

"ఉంటే ఉండనీ. పై నుంచి చూసెటోడు ఉన్నడు."

ఆ రాత్రి వంటింట్లోంచి తప్ తప్‌మని రొట్టెలు కొట్టే చప్పుడు వినిపించింది. జాస్మిన్ కోసం కాబోలు అనుకున్నాడు. తన మూలంగా ఓ పెద్దావిడ పస్తులు పడుకుంటోందే అని అతనికి నిజంగా దుఃఖం వచ్చింది. మానిటరు కావాలి. కానీ అత్తమ్మ కళ్ళు తిరిగి పడిపోతే? ఆ నల్లటి నలుపు, ఆ వంపు, అన్నీ ఆముదంలో ఈదాయి.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక. రెండు గదులూ జనంతో నిండి, చెప్పులు మెట్ల దాకా దిగాయి. పాస్టరు ప్రేమ్ కుమార్‌ది గుంటూరు వైపు; అందరికీ ఆయన అయ్యగారు. సౌమ్యుడు. ఆయన పక్కన సంఘ పెద్ద వెంకట్రావు. ప్రార్థన ఇంకా సగంలో ఉండగానే గట్టిగా ఆమెన్ అంటాడు కాబట్టి ఆమెన్ వెంకట్రావు అంటారు. అయ్యగారు స్తెఫను తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆడవాళ్ళంతా గొంతు కలిపారు. బాలమ్మ ఏడుస్తూ ప్రార్థించింది. వెంకట్రావు ఆమెన్‌కు ఎదురింటి కుక్క మొరిగింది.

కట్టు విప్పి అయ్యగారు అడిగారు. "ఇప్పుడెలా ఉంది బ్రదర్?"

బాగైంది అంటే మానిటరు పోయింది. బాగవలేదంటే అత్తమ్మ పస్తు కొనసాగుతుంది, పైగా ఇంతమంది ప్రార్థన వమ్మయిందని ఇంటికెళ్ళి బాధపడతారు. స్తెఫను బాలమ్మ వైపు చూశాడు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని అతని వంకే చూస్తోంది.

"బాగైంది అయ్యగారూ" అన్నాడు. అది మానిటరుకు చివరి వీడ్కోలని ఎవరికీ తెలియదు.

"అయితే ఆదివారం చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి బ్రదర్!"

ఇది అతను లెక్కలో వేసుకోలేదు. ఇంట్లో అయితే ఏదో అనేశాడు గానీ, చర్చిలో మైకు ముందు నిలబడి అబద్ధమాడడానికి స్తెఫనుకు మనసు రాలేదు. చెప్పుల దగ్గర నిలబడేవాడైనా భయం భయమే కదా. ఆదివారం మైకు పట్టుకుని నిజమే చెబుదామని తెగించాడు.

"అందరికి వందనాలు. నా కండ్లకు... ఏం లేదు."

"ఆమెన్!" అన్నాడు వెంకట్రావు.

"అంటే, అసలుకే ఏం లేకుండె."

"విన్నారా! అసలు జబ్బే లేనట్టయిపోయింది!" అన్నారు అయ్యగారు ఆనందంగా. చప్పట్లు మోగాయి.

"అది గాదు అయ్యగారూ, నేను డాక్టరుకు గూడ చూపిచ్చుకోలే..."

"డాక్టరు అవసరమే లేకుండా!" ఆడవాళ్ళ వైపు నుంచి హల్లెలూయాలు లేచాయి. స్తెఫను నిజం చెప్పేకొద్దీ అద్భుతం పెద్దదవుతోంది. మైకు ఇచ్చేసి వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాక అయ్యగారు ఇంకో మాటన్నారు. ఇంత మంచి చూపు వచ్చింది కాబట్టి, ఇకనుంచి ప్రతి ఆదివారం మొదటి పాటకు ముందే వచ్చి, ల్యాప్‌టాప్‌లో పాటల సాహిత్యం తెర మీద వేసే పని స్తెఫను బ్రదర్‌దే. ఆ ల్యాప్‌టాప్ తెర అరచేయికి రెండింతలుంటుంది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. కంచంలో పొనగంటి కూర. ఎదురుగా బాలమ్మ జొన్నరొట్టె తుంచుకుని తింటోంది.

"ఇగ అన్నం తినొచ్చు గద అత్తమ్మా? నా కండ్లు బాగైనయి" అన్నాడు స్తెఫను నీరసంగా.

"అన్నమా? షుగరొచ్చినకాడికెల్లి డాక్టరు అన్నం బంద్ జేసిండు గద బిడ్డా. రెండు నెలలసంది రొట్టెలే."

ఆ రాత్రి విన్న తప్ తప్ చప్పుడు స్తెఫను చెవుల్లో మోగింది. "మరి... అన్నం ముట్ట అని మొక్కితివి?"

"ముట్టలే. మాట తప్పిననా? నీ ఎదురుంగనే కూసొని రొట్టె తిన్న. నీ కండ్ల మీద దూది ఉండె."

జాస్మిన్ పమిట అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "కార్జం ముక్క తీసుకున్ననాడే నాకెరుకైంది. అమ్మకు నేనే చెప్పిన."

"అత్తమ్మా, మరి నువ్వు ఏడుసుకుంట ప్రార్థన చేస్తివి!"

"అది నిజంగనే చేసిన" అంది బాలమ్మ గంభీరంగా. "కండ్ల కోసం గాదు, బుద్ధి కోసం." రొట్టె ముగించి, పళ్ళెం తీసుకుని వంటింట్లోకి పోయింది.

స్తెఫను తల వంచుకుని కూర్చున్నాడు. జాస్మిన్ నవ్వు ఆపి దగ్గరికి జరిగింది. "ఇప్పుడన్న అసలు మాట చెప్పు. అది ఎందుకు గావాలె నీకు?"

ప్లస్సులన్నీ నోటిదాకా వచ్చి వెనక్కి పోయాయి. "ఎందుకంటే... నాకు ఇష్టమే. పదేండ్లసంది మంది పెండ్లిళ్ళు కిటికీ సందుకెల్లి చూసినట్టు చూస్తున్న. ఆడ దాని ముందట నిలబడితే నాకు సంబరమైంది. గంతే."

"గంతే. గదే అసలు మాట. ఆ దినం గీ మాటంటే ఆ దినమే సరే అందును."

స్తెఫను తల లేచింది. "అయితే ఇప్పుడు..."

"ఇప్పుడెట్లయ్యా? పొద్దుగాల చర్చిల కండ్లు మంచిగైనయని సాక్ష్యం చెప్పి, మాపటికి గంత పెద్ద తెర తెస్తే జనం ఏమనుకుంటరు? అయ్యగారి మొఖం ఎట్ల చూస్తం? క్రిస్మస్ దాక ఆగు. అందరికి కొత్తబట్టలు కుట్టినంక మనమే పోయి తెచ్చుకుందాం."

క్రిస్మస్‌కు ఇంకా బోలెడు రోజులున్నాయి. నిట్టూర్చి, బల్ల మీద ఉన్న నీళ్ళ చెంబు అందుకోబోయాడు స్తెఫను. బల్ల అంచున తెల్లగా ఏదో కనబడింది. సుద్దగీత. అటువైపు కొసన ఇంకో గీత. రెంటికీ నడుమ అతను ఆ రోజు చాపిన చేతులంత వెడల్పు. కుడిపక్క గీత దాటి, జానెడు అవతలికి జరిగి ఉంది కుట్టుమిషను.

"ఇది ఎప్పుడు గీసినవే?"

"నువ్వు షాపుల చూసొచ్చిన దినమే. మిషిను ఎంత జరపాలెనో చూసుకోవద్దా?"

"మరి నాకు చెప్పలేదేంది?"

"చెప్పుడేంది, నీ కండ్ల ముందటనే గీస్తిని గదా. రోజూ గీడనే కూసుంటవ్. కనబడలేదా?"

స్తెఫను సుద్దగీత మీద వేలు పెట్టి, అక్కడి నుంచి రెండో గీత దాకా పాకించాడు.

"లేదే" అన్నాడు. "నిజంగనే కనబడలే."

"ఇంకింత పొనగంటి కూర తెద్దునా బిడ్డా?" అని వంటింట్లోంచి బాలమ్మ అడిగింది.

"తే అత్తమ్మా" అని స్తెఫను కంచం ముందుకు జరిపాడు.