చప్పుడు లేని నడక

మధ్యాహ్నానికల్లా పని ముగించుకుని భర్తతో సినిమాకు వెళ్లాలని కోడలు పొద్దున్నే అనుకుంది. మామగారి ల్యాబులో ఆమె ఒంటిచేత్తో చేస్తున్న మొదటి పరీక్ష అది. ఒక మిల్లు నుంచి వచ్చిన అరిగిన బేరింగు ముక్కను, వెంట్రుక కన్నా సన్నని సూదిమొనతో యంత్రం నొక్కి, మొన ఎంత లోతు దిగిందో కొలుస్తుంది. లోహం మెత్తబడిందంటే మిల్లు ఆగిపోతుంది. కొలత తప్పిందంటే ఇలాంటి పని మళ్లీ కోడలి చేతికి రాదు.

"ఎవరూ చప్పుడు చెయ్యకుండా చూడండి మామయ్యా" అని ఆమె తలుపు వేసుకుంది.

ఆయన అది వేదవాక్కుగా తీసుకున్నారు. చెప్పులు విప్పేసి తలుపు బయట పిల్లిలా పచార్లు మొదలుపెట్టారు. మనిషి మాత్రం బీరువా అంత ఉంటారు.

లోపల యంత్రం తెర మీద, మొన దిగే లోతును చూపిస్తూ నున్నగా రావలసిన గీత వంకరలు పోయింది. మళ్లీ నొక్కినా అంతే. కోడలు తలుపు ఓరగా తీసి, "ఒకచోట రాయిలా ఉంది, పక్కనే వెన్నలా దిగిపోతోంది మామయ్యా!" అంది. ఆయన పచార్లు జోరందుకున్నాయి. లోపల గీత గంతులేసింది.

ఆయన కంగారుగా ఫోన్ చేస్తే మిల్లు మేనేజరు పరుగున వచ్చాడు. సంగతి విని, తనూ బూట్లు విప్పేసి ఎదురు పచార్లు అందుకున్నాడు. "మిల్లు ఆపించెయ్యనా?" అని గొణిగాడు. లోపల కోడలికి ఏడుపొక్కటే తక్కువ.

ఇంతలో అన్నం క్యారియరుతో అత్తగారు వచ్చింది. "ఏమిటా తిరుగుడు? చూస్తుంటే నాకే కళ్లు తిరుగుతున్నాయి. ఇద్దరూ కూర్చుని తినండి!"

ఇద్దరూ కూర్చున్నారు. గీత నున్నగా వచ్చింది. కోడలు నమ్మలేక ఇంకోసారి నొక్కింది. మళ్లీ నున్నగానే వచ్చింది. అనుమానం వచ్చి తలుపు తీసింది.

"మామయ్యా, ఒక్కసారి లేచి నడవండి."

నడిచారు. గీత గంతులేసింది.

"ఈయన నడిస్తే మా వంటింట్లో గిన్నెలు మోగుతాయని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా. వింటేగా!" అంది అత్తగారు.

ఆయన్ని కూర్చోబెట్టి కోడలు మొదటి నుంచీ కొలిచింది. "లోహానికేం కాలేదండీ. రాపిడి పడీ పడీ ఇంకా గట్టిపడింది" అని చెప్పేసరికి మేనేజరు హమ్మయ్య అని కుర్చీలో వాలిపోయాడు. "అరిగింది గట్టిపడటమేమిటమ్మా, వింత కాకపోతే!" అన్నాడు.

"వింతేముంది? ఈయనతో కాపురం చేసి నేను గట్టిపడలేదూ?" అంది అత్తగారు. అందరికన్నా గట్టిగా మామగారే నవ్వారు. కోడలు సాయంత్రం ఆటకు వెళ్లింది.

ఆనాటి నుంచి ఆ తలుపు ముందు ఎవరైనా ఎంత గట్టిగానైనా మాట్లాడుకోవచ్చు. మామగారు కుర్చీలోంచి లేవాలంటే మాత్రం కోడలి అనుమతి కావాలి.