రిబ్బను కట్టిన కుళాయి

“ఈ కార్యాలయ ఆవరణలో ఇకమీదట ప్రమాదములు జరుగరాదని ఇందుమూలముగా ఆదేశించడమైనది.”

భద్రతాధికారి గారు ఈ ఉత్తర్వు మీద సంతకం చేసి, కలం మూత బిగించి, ప్రమాదాల పీడ విరగడైందన్నట్టు కుర్చీలో వెనక్కి వాలారు. ప్రతులు పదహారు తీయించారు. ఒకటి మెట్ల దగ్గర, ఒకటి భోజనాల గదిలో, ఒకటి వెనకవైపు బ్యాటరీ గది తలుపు మీద అంటించారు. అది టెలిఫోన్ ఎక్స్ఛేంజి. కరెంటు పోయినా ఫోన్లు మోగుతూ ఉండాలంటే ఆ గదిలో రెండు వరసలుగా నిలబడ్డ ఇరవై నాలుగు పెద్ద బ్యాటరీలే దిక్కు. ఒక్కొక్కదాని కడుపులో సీసం పలకలు, వాటిని ముంచుతూ ఆమ్లం. పాపం, వాటికి చదువు రాదు. ఉత్తర్వు అంటించాక కూడా అవి మునుపటిలాగే బుడబుడమంటూ ఉండిపోయాయి.

ఆ రోజునే గేటు దగ్గర ఒక నల్లబోర్డు కూడా వెలిసింది. ‘ప్రమాదం జరగని రోజులు’ అని పైన రంగుతో రాయించి, కింద అంకెకు జాగా వదిలారు. రోజూ పొద్దున్నే భద్రతాధికారి గారే స్వయంగా సుద్దముక్క పట్టుకుని వచ్చి అంకె మార్చేవారు. ఇంకొకరికి అప్పగిస్తే ఎక్కడ నిజం రాసేస్తారో అని ఆయన భయం. బోర్డు పుణ్యమా అని ఆఫీసులో ‘ప్రమాదం’ అన్న మాటకే నిలువనీడ లేకుండా పోయింది. గుమస్తా ఒకాయన మెట్ల మీంచి దొర్లి కాలు విరగ్గొట్టుకుంటే, అది ‘వేగంగా దిగుట’ అయింది. క్యాంటీన్ వంటావిడ చెయ్యి కాలితే ‘చర్మపు రంగులో తాత్కాలిక మార్పు’ అయింది. అంకె మాత్రం ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

బ్యాటరీ గదిని చూసుకునేది బకెట్టక్క. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది. మిగతా లోకానికి ఆవిడ బకెట్టక్కే. పొద్దున గదిలోకి రాగానే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తుంది. ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీలు వదిలే గ్యాసు గదిలో నిలవ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, కొంప మునుగుతుంది. బ్యాటరీ కొసలకు లోహం తగిలినా రవ్వ లేస్తుంది గనక, తర్వాత ఉంగరం తీసి డబ్బాలో వేసి, కళ్ళద్దాలూ రబ్బరు తొడుగులూ తగిలించుకుంటుంది. వీటన్నిటికంటే ముఖ్యం, పెద్ద నీలం బకెట్టు నిండా శుభ్రమైన నీళ్ళు పట్టి, మూత పెట్టి, మూత మీద మగ్గు బోర్లించి తలుపు పక్కన ఉంచుకుంటుంది. నిన్నటి నీళ్ళు ఇవాళ ఉంచదు. నేల మీద ఒలికిన ఆమ్లానికి వంటసోడా, ఒంటికీ కంటికీ నీళ్ళు. ఇదీ ఆవిడ చట్టం. దీనికి ప్రతులు తీయించలేదు.

ఆ చట్టం ఆవిడకు వాళ్ళన్నయ్య దగ్గర నుంచి వచ్చింది. అంతకుముందు ఆ గదిలో పని చేసింది ఆయనే. ఒకరోజు బ్యాటరీ మూత తీస్తుంటే ఆమ్లం చింది ఎడమ కంట్లో పడింది. నడవా చివరున్న కుళాయి దాకా గోడలు తడుముకుంటూ పరుగెత్తాడు. కుళాయిలో నీళ్ళు లేవు. పై అంతస్తుకు ఎక్కాడు, అక్కడా లేవు. ఎవరో మంచినీళ్ళ సీసా తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ కన్ను ఇప్పుడు పాలు పోసినట్టు ఉంటుంది. ఆయన్ను లిఫ్టు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, చెల్లెల్ని ఆ పనిలోకి తీసుకున్నారు. ఇది జరిగింది బోర్డు మీద మూడువందల పన్నెండో రోజున. భద్రతాధికారి గారు ఫైలు ముందు పెట్టుకుని పూటంతా ఆలోచించి, ‘సదరు ఉద్యోగికి చిన్ననాటి నుంచి గల నేత్ర బలహీనత’ అని రాశారు. మర్నాడు బోర్డు మీద మూడువందల పదమూడు.

ఇలా నడుస్తూ నడుస్తూ బోర్డు తొమ్మిదివందల తొంభై ఏడుకు చేరింది. వెయ్యో రోజున పెద్ద సభ పెట్టాలని, ముఖ్య అధికారి గారిని పిలిచి శాలువా కప్పించుకోవాలని భద్రతాధికారి గారి సంకల్పం. సభ ఎక్కడో కాదు, బ్యాటరీ గదిలోనే. ఎందుకంటే ఎనిమిది నెలల కిందట అక్కడ కళ్ళు కడుక్కునే కుళాయి ఒకటి బిగించారు. కాలితో మీట నొక్కితే రెండు కళ్ళకీ రెండు ధారలు చిమ్మే సరంజామా అది. వచ్చిన రోజే దానికి ఎర్ర రిబ్బను కట్టి, ప్రారంభోత్సవం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరాదని కాగితం అంటించారు. ఇందులో నీళ్ళొస్తాయా సార్ అని బకెట్టక్క రెండుసార్లు అడిగింది. ముందు ప్రారంభం కానీ, తొందరెందుకు అన్నారాయన రెండుసార్లూ.

ఏర్పాట్లు చూడ్డానికి వచ్చిన భద్రతాధికారి గారి చూపు బకెట్టు మీద పడింది.

“ఇదేంటమ్మా?”

“నీళ్ళు సార్. కంట్లో ఆమ్లం పడితే కడగడానికి.”

“కంట్లో ఎందుకు పడుతుంది? వెయ్యి రోజులుగా పడలేదే!”

 ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పారు. బకెట్టు ఉందంటే ప్రమాదం జరుగుతుందని మనం అనుకుంటున్నట్టే లెక్క. రేపు ఫోటోలో ఇది పడితే ముఖ్య అధికారి గారు ఏమనుకుంటారు? పక్కనే ఖరీదైన కుళాయి పెట్టుకుని, ఇంట్లో స్నానానికి వాడే బకెట్టా? రేపు పొద్దుటికి అది గదిలో కనిపించకూడదు. కనిపిస్తే ఆవిడ కూడా కనిపించదు.

బకెట్టక్క ఇంటికి వెళ్ళి అన్నయ్యకు చెప్పుకుని ఏడ్చింది. బకెట్టు తీసేస్తే ఉద్యోగం ఉంటుంది, ఉంచితే పోతుంది. ఇంటి అద్దె, పిల్లల చదువు ఆవిడ జీతం మీదే నడుస్తున్నాయి. 

“ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు చెల్లీ,” అన్నాడు అన్నయ్య. “నా కన్ను వెతికితే దొరికిందా?”

మర్నాడు బకెట్టు గదిలో కనిపించలేదు. భద్రతాధికారి గారు సంతోషించారు. సభ కోసం గదిలో వేయించిన పెద్ద బల్ల మీద నేల దాకా జారే ఆకుపచ్చ గుడ్డ పరిపించారు. ఆ గుడ్డ ఆయనకు ఎంత నచ్చిందో బకెట్టక్కకూ అంతే నచ్చింది. కారణాలు వేరు.

వెయ్యో రోజు వచ్చింది. ముఖ్య అధికారి గారు వచ్చారు. ఫోటోగ్రాఫరు వచ్చాడు. కొత్త కళ్ళద్దాలను ప్లాస్టిక్ కవర్లతో సహా ఒక పళ్ళెంలో పేర్చి బల్ల మీద అలంకరించారు. వాటిని ఎవరూ పెట్టుకోలేదు, పెట్టుకుంటే ఫోటోలో మొహం సరిగ్గా పడదు. ఫ్యాను చప్పుడు మైకులోకి వస్తోందని, పైగా బ్యానరు ఎగిరిపోతోందని ఆపించారు. ఛార్జింగ్ మాత్రం ఆపలేదు, మీటర్ల ముళ్ళు ఊగుతుంటే చూడ్డానికి నిండుగా ఉంటుందట. ఫ్యాను ఆపకూడదు సార్, గ్యాసు నిలిచిపోతుంది అని బకెట్టక్క భద్రతాధికారి గారి చెవిలో చెప్పబోయింది. ఆయన చెవి మైకుకు అంకితమైపోయి ఉంది. కనీసం గడియారమైనా తీసి మాట్లాడండి సార్ అంది. ఆయన ఆ చేతినే ఇంకాస్త ముందుకు చాపి ఉపన్యాసం మొదలుపెట్టారు.

ముప్పావుగంట మాట్లాడారు. భద్రత తన రక్తంలోనే ఉందన్నారు. తన హయాంలో ఆమ్లం కూడా క్రమశిక్షణ నేర్చుకుందన్నారు. అంతటితో ఆగినా సరిపోయేది. బ్యాటరీలంటే భయమెందుకు, ఇదిగో ఇది ప్లస్, ఇదిగో ఇది మైనస్ అంటూ గోడకు తగిలించిన స్టీలు స్పానరు అందుకుని దాంతో తాకి చూపించబోయారు. స్పానరు ఒక కొసన ప్లస్‌కూ, ఇంకో కొసన మైనస్‌కూ ఒకేసారి తగిలింది.

తళుక్కున మెరుపు. ఢామ్మని చప్పుడు. బ్యాటరీ మూత కప్పుకు తగిలి కింద పడింది. భద్రతాధికారి గారు మొహం పట్టుకుని కేకలు పెట్టారు.

అప్పుడు గదిలో జరిగింది చూస్తే క్రమశిక్షణ అంటే ఏమిటో తెలుస్తుంది. ఎవరూ నియమం తప్పలేదు. అందరూ ఆయన్ను రెక్కలు పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళారు గాని, రిబ్బను చూసి ఆగిపోయారు. ముఖ్య అధికారి గారు కత్తెర అడిగారు. కత్తెర పళ్ళెం ఎవరి దగ్గరుందో వెతికారు. కత్తిరించారు. ఫోటోగ్రాఫరు అలవాటు కొద్దీ ఫోటో తీశాడు, పక్కవాళ్ళు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. భద్రతాధికారి గారు తడుముకుంటూ కాలితో మీట నొక్కారు. కుళాయి ఒకసారి గుర్రుమంది. అంతే. ఎనిమిది నెలలుగా దానికి నీళ్ళ గొట్టమే కలపలేదు.

బకెట్టక్క ఆకుపచ్చ గుడ్డ ఎత్తి బకెట్టు బయటికి లాగింది. ఆయన తల ఒక పక్కకు వంచి, రెప్పలు వేళ్ళతో విడదీసి, మగ్గుతో సన్నగా ధార కట్టింది. లిఫ్టు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన అన్నయ్య ఛార్జింగ్ ఆపి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, నేల మీద సోడా చల్లడం మొదలుపెట్టాడు. ఆ సోడా కాస్త కంట్లో కూడా వేస్తే విరుగుడవుతుంది కదా అని ముఖ్య అధికారి గారు సలహా ఇచ్చారు.

“సోడా నేలకి సార్,” అంది బకెట్టక్క చెయ్యి ఆపకుండా. “కంటికి నీళ్ళే.”

ఇక చాలమ్మా, తగ్గింది అని భద్రతాధికారి గారు మూలిగారు. ఆవిడ ఆయన చేతి గడియారమే చూసి, ఇంకా పద్నాలుగు నిమిషాలున్నాయి, కదలకండి అంది. వంటావిడ క్యాంటీన్ నుంచి ఇంకో రెండు బకెట్లు మోసుకొచ్చింది. ఇరవై నిమిషాలు నిండాకే, ఆమ్లం పడిన చొక్కా విప్పించి, దుప్పటి కప్పి ఆస్పత్రికి పంపింది. కన్ను నిలిచిందంటే అది ఆ నీళ్ళ చలవేనని డాక్టరు చెప్పాడు.

నాలుగో రోజున భద్రతాధికారి గారు కంటికి కట్టుతో ఆఫీసుకు వచ్చి నివేదిక రాశారు. ముఖ్య అధికారి గారు సభ మొదట్లో శాలువా కప్పిన ఫోటో అప్పటికే పైకి పంపేశారు కాబట్టి, ప్రమాదం జరిగే అవకాశం ఎటూ లేదు. ‘వెయ్యో రోజు సందర్భంగా భద్రతాధికారి స్వచ్ఛందంగా తన కంటినే అర్పించి, నేత్ర ప్రక్షాళనపై ప్రత్యక్ష ప్రదర్శన నిర్వహించిరి’ అని తేలింది. ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది. అనుమతి లేని బకెట్టును సభావేదిక కింద దాచినందుకు బకెట్టక్కకు మెమో వచ్చింది. గుమస్తా నివేదిక చదివి వినిపిస్తే ఆవిడ నిదానంగా విన్నది.

“మా అన్నయ్య కూడా ఇలాంటి ప్రదర్శనే ఇచ్చాడు,” అంది. “ఆయన ప్రదర్శనలో నీళ్ళు లేవు. అదొక్కటే తేడా.”

బకెట్టుకు కూడా న్యాయం జరిగింది. చారిత్రక ప్రదర్శనలో పాల్గొన్న వస్తువు గనక దానికి ఎర్రరంగు వేయించి, నీళ్ళు పారబోసి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి భద్రతాధికారి గారి సొరుగులో ఉంది. బీరువాకు రిబ్బను కట్టారు.

వెయ్యిన్నీ పన్నెండో రోజు మధ్యాహ్నం భద్రతాధికారి గారు తనిఖీకి వచ్చారు. కట్టు విప్పేశారు గాని కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. గుమ్మం దగ్గరే ఆగిపోయారు. లోపల బ్యాటరీలు బుడబుడమంటున్నాయి. ఆయన నడవాలో అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

“అమ్మా, ఇంకో బకెట్టు ఏదైనా ఉందా?”

బకెట్టక్క పని ఆపి వెనక్కి తిరిగింది. “బకెట్టెందుకు సార్? మన దగ్గర ఏమీ జరగదు కదా.”

 ఆయన ఒక కాలు గుమ్మం లోపల పెట్టబోయి మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. పన్నెండు రోజుల కిందటి మంట ఆ కంట్లోకి తిరిగి వచ్చినట్టుంది.

“ఆ రోజు నాకు ప్రమాదం జరిగింది కదమ్మా,” అన్నారు.

ఆ ఆఫీసులో ఆ మాట ఆయన నోట వినబడడం అదే మొదటిసారి. 

“మా అన్నయ్యకో సార్?”

 నడవా చివర లిఫ్టు దగ్గర స్టూలు మీద కూర్చున్న మనిషి వైపు భద్రతాధికారి గారు ఒకసారి చూసి, తల దించుకున్నారు.

“ఆయనకీ జరిగిందమ్మా. నేనే మార్చి రాశాను.”

 బకెట్టక్క వెళ్ళి, సభనాటి నుంచి అక్కడే ఉండిపోయిన బల్ల గుడ్డ పైకెత్తి చూపించింది. కొత్త బకెట్టు, నిండా నీళ్ళతో, మూత మీద మగ్గుతో ఉంది. అప్పుడు ఆయన ఉంగరమూ గడియారమూ తీసి జేబులో వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, లోపలికి అడుగు పెట్టారు.

మర్నాడు పొద్దున్నే సుద్దముక్కతో వచ్చి, బోర్డు మీద వెయ్యిన్నీ పదమూడు వేశారు.