వెనక్కి తిరిగిన పిట్ట

టైలరు మాస్టారు ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఒక్క క్షణం కిటికీలోంచి చూశాడు. పెట్టె ఎత్తేసరికి శాలువా అంచులో కోటు బొత్తామంత చిల్లు.

 అది భార్య వాళ్ళమ్మమ్మ అంచుల పొడవునా పిట్టలు తీర్చి నేసిన శాలువా. ఆ నేత తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. పక్కగదిలో ఆవిడ వేస్తున్న రాబందు బొమ్మకు రెక్కల మీది నమూనా ఈ అంచే. కరువైపోతున్న పక్షికి కనుమరుగైన నేత తొడుగుతోంది. ఒక రెక్క అయింది. రెండోది సగంలో ఉంది. పన్నెండింటికి చిత్రశాల బండి వస్తుంది.

"ఏమండీ, నా శాలువా ఏదీ?"

"మడతలు పడిందని ఇస్త్రీ చేస్తున్నాలే!"

"ఎవరు చెయ్యమన్నారు?"

"నీ మీద అభిమానం చెయ్యమంది."

"దాన్ని కాస్త త్వరగా కానిమ్మనండి."

వీధివీధంతా ఆయన్ని మాయకుట్టు మాస్టారంటుంది. ఆయన వేసిన అతుకు మర్నాటికి ఆయనకే దొరకదు. అవతలి అంచులోంచి ఒక పిట్టను కత్తిరించి, చిల్లు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి కుట్టేశాడు. ఏమీ ఎరగనట్టు తెచ్చి ఆవిడ ముందు కుర్చీ మీద పరిచాడు.

"ఏదో కమురు వాసన."

"పక్కింట్లోంచి."

"వాళ్ళు ఊరెళ్ళారుగా?"

"అదే, పొయ్యి ఆర్పడం మరిచిపోయుంటారు."

"అయ్యో, మరి కూర్చున్నారేం? వెళ్ళి చూడండి!"

పాపం, వెళ్ళాడు. తాళం వేసిన ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాడు. వచ్చి శాలువా వంక చూశాడు.  అంచులో పిట్టలన్నీ ఎడమకు పోతుంటే, తను కుట్టింది ఒక్కటీ కుడికి తిరిగి ఉంది. అవతలి అంచు పిట్టలు ఎదురుముఖమని కంగారులో గుర్తే లేదు.

ఆవిడ పోగులు లెక్కపెట్టుకుంటూ వేసే మనిషి. కుంచె ఇంకా మూడు పిట్టల దూరంలో ఉంది.

"కాసేపు నడుం వాల్చరాదూ?"

"బండి వచ్చేస్తుంది."

రెండు పిట్టలు.

"మిగతావి ఊహించి వేసెయ్. ఎవరు చూడొచ్చారు?"

"ఉన్నది ఉన్నట్టు వెయ్యడమే నాకొచ్చు. వెలుతురుకు అడ్డం తప్పుకోండి."

కుంచె వచ్చేసింది. ఆవిడ కనుబొమ్మ కూడా కదపకుండా పిట్టను కుడికి తిప్పే వేసింది. చుట్టూ ఉన్న కుట్టును కూడా కుంచెతో దించేసింది. మాస్టారికి నమ్మబుద్ధి కాలేదు. గమనించనేలేదు!

చిత్రశాల ఆవిడ వచ్చి బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. "ఈ ఒక్కటీ వెనక్కి తిరిగిందేమండీ?"

"మిగతావి వెళ్ళిపోతున్నాయి. ఇది, ఎవరైనా ఆగమంటారేమోనని చూస్తోంది," అంది భార్య.

చిత్రశాల ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. "శాలువా కూడా పక్కనే వేలాడదీద్దాం."

"తప్పకుండా తీసుకెళ్ళండి!" అన్నాడు మాస్టారు. సాక్ష్యం ఇల్లు దాటుతోందని ఆయన ప్రాణం లేచొచ్చింది.

"దానికి చీటీ కూడా రాసి ఉంచాను," అంది భార్య.

నేత: మా అమ్మమ్మ. బొమ్మ: మనవరాలు. వెనక్కి తిరిగిన పిట్ట: మా ఆయన, ఇస్త్రీపెట్టెతో.

"ఇది... ఎప్పుడు రాశావ్?"

"మీరు పక్కింట్లో మంట ఆర్పడానికి వెళ్ళినప్పుడు."

చిత్రశాల ఆవిడ నవ్వు ఆపుకోలేక, "అయితే ఇస్త్రీపెట్టె కూడా కావాలండీ," అంది.

మాస్టారు పెట్టెకు తీగ చుట్టాడు. చంకలో పెట్టుకున్నాడు. గడప దాటి బండివైపు నడిచాడు.